ఆదర్శ జీవితాలు – పాఠశాల బోధన: ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• కావ్యనాయకుడికి, జీవితచరిత్రలోని వ్యక్తికి మధ్య ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• తెలుగులో ఆదర్శ జీవితాల రచన ఎలా మొదలైందో, ఏ ప్రయోజనం ఆశించి మొదలైందో చెప్పగలుగుతారు.
• పాఠ్యపుస్తకంలోని ఒక మహనీయుని పాఠాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నవంబరు 14న ఏ బడికి వెళ్ళినా ఒక దృశ్యం కనిపిస్తుంది. ఒక పిల్లవాడు చేతికర్ర పట్టుకొని గాంధీ అవుతాడు. ఇంకొకడు విల్లంబులతో అల్లూరి సీతారామరాజు అవుతాడు. ఒక పాప అట్టతో చేసిన కత్తి పట్టుకొని రుద్రమదేవి అవుతుంది. ఒక్కొక్కరూ వేదిక మీదికి వచ్చి, ఎక్కడ పుట్టారో, ఏం సాధించారో నాలుగు వాక్యాల్లో చెప్పి, చప్పట్ల మధ్య దిగిపోతారు. మర్నాడు ఆ దుస్తులు అద్దె దుకాణానికి చేరతాయి. నాలుగు వాక్యాలు కూడా అలాగే వెళ్ళిపోతాయి.

ఇందులో తప్పు పిల్లలది కాదు. ఆ నాలుగు వాక్యాలు రాసిచ్చిన పెద్దలు 'మహనీయుడు' అనే మాటను ఎలా అర్థం చేసుకున్నారన్నదే ప్రశ్న. ఈ భాగంలో ఆ ప్రశ్నను సాహిత్య విమర్శ వైపు నుంచి పరిశీలిద్దాం. ఉదాహరణలను ఎక్కువగా హైదరాబాదు నగరంలోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాల నుంచి, వాటి చుట్టుపక్కల నుంచి తీసుకుందాం. బడి, గ్రంథాలయం, పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం ఈ మూడూ అక్కడ నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్నాయి. ఒక మహనీయుని కథ ఈ మూడు చోట్లా మూడు రూపాల్లో కనిపిస్తుంది.

2. 'నాయకుడు' అనే మాట – కావ్య సంప్రదాయం

అలంకార శాస్త్రం నాయకులను నాలుగు రకాలుగా విభజించిందని మీరు వెనుకటి భాగాల్లో చదివారు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అన్నవి ఆ నాలుగు రకాలు. ఈ విభజనలో ఒక ముఖ్యాంశం ఉంది. నాయకుని స్వభావం కథ మొదలయ్యే నాటికే స్థిరపడి ఉంటుంది. కథలో జరిగేదల్లా ఆ గుణాలు ఒక్కొక్కటిగా వెల్లడి కావడమే. ధీరోదాత్తుడు కథ మధ్యలో ధీరోదాత్తుడిగా మారడు, మొదటి నుంచీ అతను అదే.

కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో రచించిన 'ప్రతాపరుద్రీయం' దీనికి మంచి ఉదాహరణ. అది అలంకార శాస్త్ర గ్రంథం. అందులో లక్షణాలకు ఇచ్చిన ఉదాహరణ శ్లోకాలన్నీ ప్రతాపరుద్రుని కీర్తించేవే. శాస్త్రం నేర్చుకునే విద్యార్థి రాజస్తుతిని కూడా నేర్చుకుంటాడు. ఆస్థాన కావ్యానికి అది సహజమే. కవికి ఆశ్రయం ఇచ్చినది రాజు కనుక.

ఇప్పుడు పాఠశాల పుస్తకంలోని సగటు 'మహనీయుల పాఠం' చూడండి. అతను చిన్నప్పటి నుంచే తెలివైనవాడు, చిన్నప్పటి నుంచే సత్యవాది, చిన్నప్పటి నుంచే దేశభక్తుడు. పాఠం ముగిసేసరికి అతనిలో ఏ మార్పూ ఉండదు. అంటే మనం ఆధునిక వ్యక్తి జీవితాన్ని పాత కావ్యనాయకుని చట్రంలో బిగిస్తున్నాం. రాజాశ్రయం పోయింది కాని ప్రశస్తి పద్ధతి మిగిలింది.

దీనికి తోడు నేటి తెలుగులో 'హీరో' అంటే మొదట గుర్తుకు వచ్చేది సినిమా కథానాయకుడు. చిక్కడపల్లి, అశోక్ నగర్‌లను ఆనుకొనే ఉన్న ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి వంటి థియేటర్లు ఉన్నాయి. కొత్త సినిమా విడుదల రోజున అక్కడ నిలబెట్టే కటౌట్లను, వాటికి జరిగే పాలాభిషేకాలను చూసే పిల్లలకు ఒక విషయం స్పష్టంగా అర్థమవుతుంది. హీరో ఓడిపోడు. పాఠ్యపుస్తకం కూడా అదే చెబితే, పిల్లవాడికి రెండింటిలో సినిమాయే నచ్చుతుంది. అందులో పాటలైనా ఉంటాయి.

3. తెలుగులో ఆదర్శ జీవితాల రచన: ఒక అక్క, ఒక తమ్ముడు

ఆధునిక తెలుగులో జీవితచరిత్రలు ప్రశస్తి కోసం పుట్టలేదు. ఒక వాదాన్ని నిలబెట్టడానికి పుట్టాయి. ఈ సంగతి తెలియాలంటే భండారు అచ్చమాంబ (1874–1905) రచించిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను చూడాలి. 1901లో వెలువడిన ఈ గ్రంథం స్త్రీల జీవితచరిత్రల సంపుటి. తెలుగులో ఒక స్త్రీ రాసిన తొలి స్త్రీల చరిత్రగా దీనికి గుర్తింపు ఉంది.

అచ్చమాంబకు బడి చదువు లేదు. బాల్యంలోనే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చొని ఆమె చదువు నేర్చుకున్నారు. అలా నేర్చుకున్న స్త్రీ, స్త్రీలు సహజంగానే బలహీనులనీ, చదువు వారిని చెడగొడుతుందనీ చెప్పేవారికి జవాబు ఇవ్వాలనుకున్నారు. ఆ జవాబును ఉపన్యాసంగా ఇవ్వలేదు. ఒక జీవితం తరువాత ఒక జీవితాన్ని సాక్ష్యంగా ముందుంచారు. శీర్షికలోని 'అబల' అనే మాటను పుస్తకంలోని ప్రతి కథా ప్రశ్నిస్తుంది.

ఇక్కడ విమర్శకుడు గమనించవలసింది ఆ పుస్తకం పాఠకుల నుంచి ఏం కోరిందన్నది. నమస్కారం పెట్టమని అది అడగలేదు. మనసులో ఉన్న ఒక తప్పుడు అభిప్రాయాన్ని వదులుకోమని అడిగింది. ఆదర్శ జీవితానికి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. ఆ గ్రంథానికి పరిమితులూ ఉన్నాయి. రాణులకు, వీరనారులకు అందులో పెద్దపీట ఉంది. 'సచ్చరిత్ర' అన్న మాటలోనే మచ్చలేని జీవితాలనే ఎంచుకోవాలన్న నియమం ఉంది. కూలికి వెళ్ళే స్త్రీ, బట్టలు ఉతికే స్త్రీ ఆదర్శం కావడానికి తెలుగు రచన ఇంకా చాలా దూరం నడవవలసి వచ్చింది.

అచ్చమాంబ మరణించిన మరుసటి సంవత్సరం, 1906లో, తమ్ముడు లక్ష్మణరావు మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమాలను స్థాపించారు. అంతకు ముందు 1901లో ఇదే నగరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పాటులో కూడా ఆయన పాత్ర ఉంది. నారాయణగూడకు దగ్గరలోని సుల్తాన్ బజార్‌లో ఆ గ్రంథాలయాన్ని ఇప్పటికీ చూడవచ్చు. గ్రంథమాల మొదటి పుస్తకం 1907లో వచ్చింది. అది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర.

తెలుగువారి కోసం పెట్టిన గ్రంథమాలకు మొదటి పుస్తకంగా అమెరికా అధ్యక్షుని జీవితం ఎందుకు? రాజకుటుంబంలో పుట్టనివాడు, మొత్తం బడి చదువు ఒక సంవత్సరం కూడా లేనివాడు దేశానికి అధ్యక్షుడయ్యాడన్న విషయం ఆనాటి పాఠకుడికి కొత్త. రాజుల చరిత్రలే చదివినవారికి ఒక పౌరుని చరిత్ర అందింది. ఆ పుస్తకం రాసిన హరిసర్వోత్తమరావు మరుసటి సంవత్సరమే, 1908లో, 'స్వరాజ్య' పత్రికలోని రాతలకు జైలుకు వెళ్ళారన్న సంగతిని దీని పక్కన పెట్టి చూడండి. స్వేచ్ఛను గురించి రాసిన చేయి దాని మూల్యం కూడా చెల్లించింది.

4. పాఠాన్ని పరీక్షించే మూడు ప్రశ్నలు

పై ఉదాహరణల నుంచి ఒక కొలమానం తయారు చేసుకోవచ్చు. బడిలో చెప్పే ఏ మహనీయుని పాఠాన్నైనా మూడు ప్రశ్నలు అడగాలి.

(అ) వేరే దారి ఉన్నప్పుడు ఈ దారిని ఎందుకు ఎంచుకున్నారు?
(ఆ) ఎవరి సాయంతో చేశారు?
(ఇ) అందుకు ఏం ఇబ్బంది పడ్డారు, ఏం వదులుకున్నారు?

ఈ మూడింటికీ జవాబు దొరకని పాఠం ప్రశస్తి. దొరికినది జీవితచరిత్ర.

నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాలను ఉదాహరణగా తీసుకుందాం. మాడపాటి హనుమంతరావు (1885–1970)ను 'ఆంధ్ర పితామహుడు' అంటారు. ఆయన హైదరాబాదు నగర మేయరుగా, ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షుడిగా పనిచేశారు. 1955లో పద్మభూషణ్ పొందారు. సాధారణంగా పాఠం ఇక్కడే ఆగిపోతుంది. బిరుదు, పదవులు, పురస్కారం. పిల్లలకు వీటిలో అనుసరించదగినది ఒక్కటీ లేదు. పదవిని ఎవరూ అనుకరించలేరు.

ఇప్పుడు మన ప్రశ్నలు అడుగుదాం. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని థియేటరులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. మహారాష్ట్రకు చెందిన స్త్రీ విద్యా ప్రచారకుడు డి.కె. కార్వే దానికి అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టగానే సభలో కొందరు గేలి చేసి అడ్డుకున్నారు. అవమానం పొందిన తెలుగువారి ముందు చాలా దారులు ఉన్నాయి. ఊరుకోవచ్చు. తిరిగి గేలి చేయవచ్చు. వారు ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించుకున్నారు. మాడపాటి ఆ కృషిలో ముందు వరుసలో నిలిచారు.

తరువాత 1928లో నారాయణగూడలో బాలికల కోసం తెలుగు మాధ్యమ పాఠశాల మొదలైంది. అప్పటి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచేది. తెలుగు మాధ్యమ పాఠశాలకు అక్కడ గుర్తింపు దొరకలేదు. నిర్వాహకులు కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం నుంచి గుర్తింపు తెచ్చుకున్నారు. ఏ సభలో తెలుగుకు అవమానం జరిగిందో ఆ సభాధ్యక్షుని విశ్వవిద్యాలయమే తెలుగు బాలికల చదువుకు ఆసరా అయింది. ఈ ఒక్క సంగతి చెబితే చాలు. అవమానాన్ని సంస్థగా మలచడం, శత్రువులెవరో మిత్రులెవరో తొందరపడి తేల్చకపోవడం, ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు తట్టడం పిల్లలకు బోధపడతాయి. ఇవి ఎనిమిదో తరగతి పిల్ల కూడా తన జీవితంలో చేయగల పనులు.

రెండో ప్రశ్నను మరిచిపోవద్దు. పాఠశాల ఒక్కరి వల్ల నడవదు. కూతురిని పంపడానికి ఒప్పుకున్న తల్లిదండ్రులు, తక్కువ జీతానికి పాఠాలు చెప్పిన ఉపాధ్యాయినులు, ఇరుగుపొరుగు మాటలు పడి వచ్చిన బాలికలు లేకుండా ఏ బాలికల పాఠశాలా ఆ రోజుల్లో నిలిచేది కాదు. గేటు మీద ఒక్కరి పేరే ఉంటుంది. ఆ పేరు వెనుక ఉన్న పదిమందిని చూపించడం ఉపాధ్యాయుని పని.

5. ఎవరి మహనీయులు?

ఆదర్శ వ్యక్తుల జాబితా ఎవరు తయారు చేస్తారన్నది మరో ప్రశ్న. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట ఒకప్పుడు అచ్చులో వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) దానికి కోపంతో ఒక వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ఒక గొప్ప కవిని చూపించి ఇదిగో అనవచ్చు. ఆయన 354 మంది కవుల వివరాలు, రచనలు సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రచురించారు. అందులో అందరూ మహాకవులు కారు. అయినా ఆ సంఖ్యకే ఒక బలం ఉంది. ఒక ప్రాంతపు గొప్పతనం ఒక్క శిఖరంలో ఉండదని ఆ సంచిక నిరూపించింది.

ఆయనే 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను వెలువరించారు. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి ప్రజల తిండి, బట్ట, ఆట, నమ్మకం, వృత్తి ఎలా ఉండేవో సాహిత్యం ఆధారంగా రాశారు. 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికే లభించింది. 'చరిత్రకు నాయకుడు ఎవరు?' అన్న ప్రశ్నకు అది ఇచ్చిన జవాబు ఇప్పటికీ మన పాఠశాలలకు పూర్తిగా చేరలేదు.

ఈ ప్రశ్న ఎంత సున్నితమైనదో ట్యాంక్ బండ్ చెబుతుంది. చిక్కడపల్లి నుంచి కాసేపు నడిస్తే వచ్చే ఆ కట్ట మీద ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో తెలుగు ప్రముఖుల విగ్రహాలు ప్రతిష్ఠించారు. తెలంగాణ వారికి అందులో తగిన చోటు దక్కలేదన్న అసంతృప్తి చాలాకాలం ఉంది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ సందర్భంగా కొన్ని విగ్రహాలు ధ్వంసమయ్యాయి. ఆ రోజు దెబ్బతిన్నవాటిలో కవుల విగ్రహాలు కూడా ఉన్నాయి. ఆ కవులు ఎవరికీ అన్యాయం చేసినవారు కారు. అసంతృప్తికి కారణమూ కల్పితం కాదు. ఈ రెండు మాటలనూ ఒకే తరగతిలో చెప్పగల ఉపాధ్యాయుడు పిల్లలకు చరిత్ర నేర్పినట్లు. ఒకదాన్నే చెప్పేవాడు పక్షం నేర్పినట్లు.

2014 తరువాత తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో స్థానిక వ్యక్తులకు, రచయితలకు చోటు పెరిగింది. ఇది అవసరమైన మార్పు. అయితే జాబితాలో పేర్లు మారి పాఠం చెప్పే పద్ధతి మారకపోతే, పాత విగ్రహం స్థానంలో కొత్త విగ్రహం వచ్చినట్లే అవుతుంది.

6. అశోక్ నగర్‌లో మహనీయులు

బడిలో నాలుగు వాక్యాలుగా ఉన్న మహనీయుడు, పదిహేనేళ్ళ తరువాత అదే విద్యార్థికి మళ్ళీ ఎదురవుతాడు. ఈసారి అశోక్ నగర్‌లోని శిక్షణ కేంద్రంలో, 'బిట్' రూపంలో. అచ్చమాంబ రచన ఏది? గోలకొండ కవుల సంచికలో ఎందరు కవులు? ఆంధ్ర పితామహుడు ఎవరు? నాలుగు జవాబుల్లో సరైనది గుర్తించాలి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చొని చదివే యువతీయువకులకు ఈ వివరాలన్నీ కంఠతా వచ్చు. మీలో కొందరు అలా చదువుతూనే ఈ పాఠాన్నీ చదువుతూ ఉండవచ్చు.

బిట్లు తప్పు కాదు. పరీక్షకు అవి కావాలి. కాని 354 అన్న సంఖ్య గుర్తుండి, ఆ సంఖ్య ఎందుకు అవసరమైందో తెలియకపోతే సురవరం చేసిన పనిలో సారం మనకు చేరలేదు. పైగా అశోక్ నగర్ గోడల మీద ఇంకో రకం మహనీయులు ఉన్నారు. ర్యాంకు సాధించినవారి ఫొటోలు. వారి కృషి గౌరవించదగినదే. అయితే ఉద్యోగాలు వందల్లో, అభ్యర్థులు లక్షల్లో ఉండే పోటీలో, ఫొటో ఎక్కని వారే ఎప్పుడూ ఎక్కువ. గెలిచినవాడే ఆదర్శం అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పిల్లవాడు ఇరవై ఏడో ఏట మూడోసారి పరీక్ష తప్పినప్పుడు తనను తాను ఏమని అనుకుంటాడు? అతనికి బడిలో ఒక్క ఓటమి కథైనా చెప్పామా? మూయబడిన తలుపు ముందు మాడపాటి నిలబడిన రోజును చూపించామా? బడి చదువే లేని అచ్చమాంబ పుస్తకం ఎలా రాశారో చెప్పామా? మహనీయుల పాఠం సరిగ్గా చెప్పడం వల్ల లాభం ఇక్కడ తెలుస్తుంది. సరిగ్గా చెప్పకపోతే కలిగే నష్టమూ ఇక్కడే తెలుస్తుంది.

7. ఒక అభ్యంతరం – పరిశీలన

'చిన్న పిల్లలకు ఇంత చిక్కు ఎందుకు? లోపాలు చెబితే గౌరవం పోదా?' అని కొందరు ఉపాధ్యాయులు అడుగుతారు. ఇది తీసివేయదగిన అభ్యంతరం కాదు. మూడో తరగతి పిల్లలకు విశ్లేషణ అక్కరలేదు, ఒక సంఘటన చాలు. తమ్ముడి పక్కన కూర్చొని అక్షరాలు నేర్చుకున్న అక్క కథ ఆ వయసుకు సరిపోతుంది. పై తరగతుల్లో సంకోచాలు, మార్పులు చెప్పాలి.

లింకన్‌నే తీసుకోండి. 1861లో అధ్యక్ష పదవి చేపట్టిన రోజున, బానిసత్వం ఇప్పటికే ఉన్న రాష్ట్రాల్లో తాను జోక్యం చేసుకోనని ఆయన చెప్పారు. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన అమలులోకి తెచ్చారు. అది కూడా తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకే వర్తించింది. దేశమంతటా బానిసత్వం రద్దు కావడానికి 1865లో రాజ్యాంగ సవరణ అవసరమైంది. ఇది వింటే పిల్లలకు లింకన్ మీద గౌరవం తగ్గుతుందా? మనిషి తన మాటను దాటి ఎదగగలడన్న ధైర్యం వస్తుంది. నిన్న తప్పుగా ఆలోచించినవాడు రేపు సరిగా ఆలోచించవచ్చన్న మాట, మచ్చలేని మహాత్ముని కథ కంటే, తప్పు చేసి భయపడుతున్న పిల్లవాడికి ఎక్కువ అవసరం.

8. సారాంశం

మన పాఠశాలల్లో మహనీయుల పాఠాలు చాలావరకు కావ్యనాయకుని చట్రంలోనే ఉన్నాయి. పుట్టుకతోనే గొప్పవాడైన వ్యక్తిని చూసి పిల్లలు చప్పట్లు కొట్టగలరు కాని నేర్చుకోలేరు. అచ్చమాంబ, లక్ష్మణరావు, హరిసర్వోత్తమరావు జీవితచరిత్రను వాదంగా, మేల్కొలుపుగా ఉపయోగించారు. సురవరం ప్రతాపరెడ్డి ఒక్కరి బదులు వందలమందిని చూపించారు. ఎంపిక, తోడ్పాటు, మూల్యం అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఇచ్చే పాఠమే బడిలో నిలిచే పాఠం. అది పరీక్ష గదిలో గెలిచినవాడికీ, గెలవనివాడికీ కూడా పనికివస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అలంకార శాస్త్రంలోని నాయక భేదాలు ఎన్ని? అవి ఏవి?
2. విజ్ఞాన చంద్రికా గ్రంథమాల మొదటి పుస్తకం ఎవరి జీవితచరిత్ర?
3. 'గోలకొండ కవుల సంచిక' ఏ అవసరం వల్ల వెలువడింది?

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. ప్రశస్తికి, జీవితచరిత్రకు గల భేదాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రయోజనాన్ని, పరిమితులను చర్చించండి.
3. మీ ఊరి బడికి లేదా వీధికి ఎవరి పేరు ఉందో తెలుసుకోండి. ఈ భాగంలోని మూడు ప్రశ్నల ఆధారంగా ఆ వ్యక్తిని గురించి ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పుట పాఠం రాయండి. జవాబు దొరకని ప్రశ్న ఉంటే, దాని కోసం ఊళ్ళో ఎవరిని అడగాలో కూడా రాయండి.